తిరువూరు నుంచి మాంటెగో బే: ఓ ఎక్సెల్ షీట్ కథ

డిసెంబరు సెలవులకి మీ వాట్సాప్ గ్రూపులో ప్లాన్లు మొదలయ్యాయా? అయితే ఈ వారం కాలమ్ మీకోసమే. మా గ్రూపు పేరు 'జమైకా పక్కా'. ముగ్గురమే మెంబర్లం. ఆరేళ్ళయింది, గ్రూపు పేరు మారలేదు, జమైకా వెళ్ళిందీ లేదు.

మాది తిరువూరు. మా ఊరికి రైలు లేదు, సముద్రమూ లేదు. అసలు 2022 ఏప్రిల్ 3 వరకూ కాగితాల మీదన్నా మాకో సముద్రం ఉండేది. అప్పటికి మేం కృష్ణా జిల్లా, జిల్లా కేంద్రం బందరు. మర్నాడు కొత్త జిల్లాలొచ్చాయి. మేం ఎన్టీఆర్ జిల్లాలో పడ్డాం, బందరూ మంగినపూడి బీచీ అటు ఉండిపోయాయి. కాబట్టి మేడ మీద గదిలో కూర్చుని, కిటికీలోంచి మామిడి చెట్లు చూస్తూ కోడ్ రాసుకునే నాలాంటివాడికి సముద్రం అంటే కొంచెం పిచ్చి ఉండటం సహజమే.

జమైకా ఎందుకంటే దానికో రాత్రి కారణం. 2019 ఆగస్టు ఆఖరు. ఇంజినీరింగ్ అయ్యి ఏడాది. ముగ్గురం హైదరాబాద్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. కింగ్‌స్టన్‌లోని సబీనా పార్కులో టెస్టు మ్యాచ్. అక్కడ పగలంటే మనకి రాత్రి. మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి తొలి టెస్టు సెంచరీ కొట్టాడు, 111. అవతలి ఎండ్‌లో ఇషాంత్ శర్మ కూడా హాఫ్ సెంచరీ కొట్టేశాడంటే ఆ రోజు ఎలాంటిదో చూడండి. తెల్లవారుజామున మ్యాగీ తింటూ ఒట్టు పెట్టుకున్నాం, ఎప్పటికైనా ఆ దీవికి వెళ్ళాలని.

తర్వాత ఒకడు హైదరాబాద్‌లోనే ఉన్నాడు. నేను ఇంటికొచ్చేశాను. మూడోవాడు ఎంఎస్ కి డల్లాస్ వెళ్ళి, అక్కడే హెచ్-1బిలో సెటిలయ్యాడు. 2022లో వచ్చి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. "ఇండియా వస్తే మూడు వారాలన్నా లీవు కావాల్రా. పోనీ మధ్యలో కలుద్దాం. డల్లాస్ నుంచి మాంటెగో బే నాలుగు గంటలు కూడా పట్టదు" అన్నాడు ఈ ఆగస్టులో. మధ్యలో అంటే వాడికి నాలుగు గంటలు, మాకు ఒకటిన్నర రోజు. అయినా సరే అన్నాం. ఎందుకంటే జమైకా కన్నా వాణ్ణి చూసి ఎక్కువ రోజులైంది.

వెంటనే షీట్ ఓపెన్ చేశాను. ఇంజినీర్ బుద్ధి కదా!

మాంటెగో బే జమైకాకి వాయవ్యంలో ఉండే బీచ్ పట్టణం. సాంగ్‌స్టర్ ఎయిర్‌పోర్టు ఊళ్ళోనే ఉంటుంది. పేరు ఎంత స్టైలుగా ఉన్నా, స్పానిష్ వాళ్ళు పంది కొవ్వుని పిలిచే మాటలోంచి వచ్చిందని చెబుతారు. ఒకప్పుడు ఆ రేవు నుంచి అదే ఎగుమతయ్యేదట. డాక్టర్స్ కేవ్ బీచ్ అని ఫేమస్ బీచ్ ఉంది. పేరులో ఉన్న గుహ మాత్రం ఇప్పుడు లేదు, 1932లో తుఫాను కొట్టుకుపోయింది. ఈ సంగతి షీట్లో 'సరదా విషయాలు' అనే కాలమ్‌లో రాసుకున్నాను. ఆ కాలమ్‌లో రాయాల్సింది కాదని తర్వాత తెలిసింది.

అమ్మకి చెప్పాను. "అక్కడ తిండేంట్రా?" అంది.

"కల్లలూ అని ఆకుకూర వండుతారమ్మా. అంటే మన తోటకూరే."

"రెండు లక్షలు పెట్టి, రెండు విమానాలెక్కి వెళ్ళి తోటకూర తింటావా?"

మామిడి కథ కూడా చెప్పాను. 1782లో ఇంగ్లీషు వాళ్ళు పట్టుకున్న ఒక ఫ్రెంచి ఓడలో మామిడి మొక్కలు జమైకాకి చేరాయట. మొక్కలకి నంబర్లు వేసి ఉన్నాయి. వాటిలో పదకొండో నంబరు మామిడి ఇప్పటికీ 'నంబర్ ఎలెవెన్' పేరుతోనే అమ్ముతారు. దానికి మాత్రం అమ్మ కాస్త మెత్తబడింది. "రసాలా, కోతా?" అని అడిగింది. ఆ డేటా నా దగ్గర లేదు.

సరే, అసలు విషయానికొద్దాం. మన పాస్‌పోర్టుకి జమైకా టూరిస్టు వీసా అడగదు. అది చూసి హైదరాబాద్ వాడూ నేనూ ఎగిరి గంతేశాం. తర్వాత టికెట్లు చూశాం. ఇండియా నుంచి జమైకాకి నేరుగా విమానం లేదు. చవగ్గా కనబడిన టికెట్ ఏమో లండన్ హీత్రూలో దిగి, గాట్విక్‌లో ఎక్కాలి. అంటే ఊళ్ళోకి అడుగుపెట్టినట్టే, బ్రిటన్ ట్రాన్సిట్ వీసా తప్పదు. పోనీ అమెరికా మీదుగా వెళ్దామంటే అక్కడ విమానం మారడానికి కూడా సి-1 వీసా ఉండాలి. వీసా అక్కర్లేని దేశానికి వెళ్ళడానికి వీసా కావాలన్నమాట. ఇది ఏ రీలులోనూ చెప్పరు.

ఇదంతా మాతో అయ్యేదే. లండన్ ట్రాన్సిట్‌కి అప్లై చేద్దామనుకున్నాం. అసలు బగ్ డల్లాస్ వరుసలో దొరికింది.

వాడి హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ వచ్చింది, ఉద్యోగానికి ఢోకా లేదు. కానీ పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఎప్పుడో దాటిపోయింది. స్టాంపు లేకపోయినా అమెరికాలో ఉండొచ్చు, పనిచేసుకోవచ్చు. బయటికెళ్తే మాత్రం కొత్త స్టాంపు లేకుండా తిరిగి రాలేడు. దీనికో మినహాయింపు ఉంది. 30 రోజుల లోపు కెనడాకో మెక్సికోకో వెళ్ళొస్తే, ఐ-94 చెల్లుబాటులో ఉంటే, పాత స్టాంపుతోనే రానిస్తారు. చుట్టుపక్కల దీవులకి కూడా ఈ సౌకర్యం ఉంది కానీ అది స్టూడెంట్, ఎక్స్‌ఛేంజ్ వీసాల వాళ్ళకే. హెచ్-1బి వాళ్ళకి లేదు. అంటే చదువుకునే రోజుల్లో వాడు జమైకా వెళ్ళి రాగలిగేవాడు. ఉద్యోగం వచ్చాక వెళ్ళలేడు.

"అయితే కాంకున్!" అన్నాడు హైదరాబాద్ వాడు. నిజమే, కాంకున్ కూడా కరీబియన్ తీరమే, ఉండేది మెక్సికోలో. 1970ల మొదట్లో మెక్సికో ప్రభుత్వం పనిగట్టుకుని ప్లాన్ వేసి, దాదాపు ఖాళీ ఇసుక మేట మీద కట్టించిన టూరిస్టు ఊరది. మరి వీసా? అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్, షెంజెన్‌లలో ఏదో ఒక వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. మా ఇద్దరి దగ్గరా అవేవీ లేవు. డల్లాస్ వాడి స్టాంపు చెల్లదు కాబట్టి వాడికీ మెక్సికో వీసా కావాలి.

షీట్లో ఇలా తేలింది. జమైకాకి మేమిద్దరం వెళ్ళగలం, వాడు వెళ్తే తిరిగి రాలేడు. కాంకున్ నుంచి వాడు తిరిగి రాగలడు, కానీ ముగ్గురం వీసా లైన్లో నిలబడాలి. ముగ్గురూ ఏ ఇబ్బందీ లేకుండా కలవగలిగిన చోటు మ్యాపులో ఒక్కటీ లేదు. ఒకప్పుడు ఒకే బాత్రూమ్ కోసం పొద్దున్నే కొట్టుకున్న ముగ్గురం!

ఆపైన సెప్టెంబరు వచ్చింది. ఇదివరకు చాలామంది మెక్సికో, కెనడాల్లో కూడా స్టాంపింగ్ చేయించుకునేవాళ్ళు. సెప్టెంబరు 6న, సొంత దేశంలోనో, నివాసం ఉంటున్న దేశంలోనో మాత్రమే అప్లై చేసుకోవాలని అమెరికా చెప్పేసింది. రెండు వారాలు తిరక్కుండానే, 19న, హెచ్-1బికి లక్ష డాలర్ల ఫీజు ప్రకటన. ఆ వీకెండ్ ఎలా గడిచిందో అమెరికాలో మనవాళ్ళున్న ప్రతి ఇంటికీ తెలుసు. కొత్త పిటిషన్లకే అని తర్వాత వివరణ ఇచ్చారు. కానీ ఒకసారి పుట్టిన భయానికి అప్‌డేట్ అంత తొందరగా అందదు. "బయటికి కాలు పెట్టొద్దంటున్నార్రా మా లాయర్లు" అన్నాడు. గ్రూపు రెండు వారాలు మూగబోయింది.

తర్వాత అక్టోబరు 28.

మా కాలమ్ చదివేవాళ్ళలో సగం మందికి ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది. మొంథా తుఫాను. సాయంత్రం ఏడు దాటాక తీరం దాటడం మొదలై అర్ధరాత్రి దాకా సాగింది, నరసాపురం దగ్గర. తిరువూరులో ఈదురుగాలి, వాన. మా వీధిలో కరెంటు పోయింది. పదిన్నరకి ఫోన్. డల్లాస్ నుంచి. వాడికి మధ్యాహ్నం పన్నెండు.

"అమ్మావాళ్ళ ఫోన్ కలవట్లేదు మామా."

వాళ్ళది అవనిగడ్డ దగ్గర పల్లె. దివిసీమ. వాడి కంప్యూటర్లో రెండు మ్యాపులు తెరిచి ఉన్నాయట. ఒకదాంట్లో మొంథా. రెండోదాంట్లో మెలిస్సా. సరిగ్గా ఆ గంటలోనే మెలిస్సా హరికేన్ జమైకా నైరుతి తీరాన్ని తాకింది. కేటగిరీ 5, గంటకి 295 కిలోమీటర్ల గాలి. రికార్డులు మొదలైనప్పటి నుంచి ఆ దీవి మీద పడ్డ హరికేన్లలో అంత బలమైనది లేదు. మేం వెళ్దామనుకున్న చోటూ, వాడు వచ్చిన చోటూ, రెండూ ఒకే రాత్రి. రెండు చోట్లకీ వాడు వెళ్ళలేడు.

ఆ రాత్రి ఫోన్లో ఛార్జింగ్ 19 శాతం ఉంది. అవనిగడ్డ వైపు తెలిసిన ప్రతి నంబరుకీ కొట్టాను. ఒక్కటీ కలవలేదు. ప్రతి పది నిమిషాలకీ వాడు ఫోన్ చేయడం, నేను "ఇంకా లేదు" అనడం. ఆఖరికి పొద్దున ఆరింటికి ఎవరిదో ఫోన్ నుంచి వాళ్ళమ్మే చేసింది. "మేం ముందే బడికొచ్చేశాం బాబూ. నువ్వే వాడికి చెప్పు, నా గొంతు వింటే ఏడుస్తాడు."

రెండ్రోజులాగి వెళ్ళాను. 150 కిలోమీటర్లు. దారి పొడుగునా ఈనిన వరి నేల మీద పడుకుని ఉంది. వాళ్ళ ఇంటికి నాలుగు వరసల పెంకులు లేచిపోయాయి, గోడలు బాగానే ఉన్నాయి. వాళ్ళ రెండెకరాలూ నీళ్ళలోనే. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆవిడకి ఆరేళ్ళు. అందుకే తుఫాను కబురంటే ఎవరూ చెప్పక ముందే సంచి సర్దుకుంటుంది.

కాఫీ ఇస్తూ అడిగింది. "మీరు వెళ్దామనుకున్న దేశం పేరేంటి, టీవీలో చూపించారు. వాళ్ళకీ మనతో పాటే వచ్చిందట కదా. కరెంటొచ్చిందా వాళ్ళకి?"

"ఇంకా చాలా చోట్ల రాలేదు ఆంటీ."

"అయ్యో" అంది. అప్పటికి వాళ్ళింట్లో కరెంటు వచ్చి ఒక్క పూటే అయింది.

'సరదా విషయాలు' కాలమ్‌లోంచి ఆ గుహ సంగతి తీసేశాను.

మీరూ ఇలాంటి ట్రిప్ ప్లాన్ చేస్తుంటే, మా షీట్ నుంచి కొన్ని వరుసలు ఫ్రీగా తీసుకోండి. ముందు హోటల్ చూడకండి, ముందు మీ గ్రూపులో ఎవరి పాస్‌పోర్టుకి ఎక్కువ చిక్కులున్నాయో చూడండి. ప్లాన్ అక్కణ్ణుంచే మొదలవ్వాలి. 'వీసా ఫ్రీ' అని కనబడగానే ఆగిపోకండి, విమానం మారే ప్రతి ఎయిర్‌పోర్టు రూలూ చదవండి. అమెరికాలో ఉన్న స్నేహితుణ్ణి "స్టాంపు ఉందా?" అని మొదటి రోజే అడగండి, సిగ్గుపడొద్దు. కరీబియన్‌లో హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. డిసెంబరుకి వెళ్ళినా, ఆ ఏడాది సీజన్ ఏం చేసి వెళ్ళిందో చూసుకోండి. డబ్బు వెనక్కిచ్చే బుకింగే చేయండి. రూల్స్ నెలకోసారి మారుతున్నాయి, కాబట్టి నేను చెప్పానని కాకుండా ఆయా దేశాల ఎంబసీ సైట్లో ఒకసారి చూసుకోండి.

ఇంకో మాట. తుఫాను వచ్చిందని ఆ ఊళ్ళని మ్యాపులోంచి కొట్టేయకండి. 2025 డిసెంబరు 15 కల్లా టూరిస్టులకి తలుపులు తెరవాలని జమైకా ప్రభుత్వం అనుకుంది. దివిసీమకి వరి ఎలాగో, మాంటెగో బేకి టూరిస్టులు అలాగ. పంట పోయిన ఏడాది మనం ఎవర్నైనా "వచ్చే ఏడు చూద్దాంలే" అంటే ఎలా ఉంటుంది?

మేం మాత్రం ఈ డిసెంబరులో వెళ్ళడం లేదు. మొన్న శనివారం షీట్ తెరిస్తే, డల్లాస్ వాడు ఒక కొత్త వరుస చేర్చి ఉన్నాడు. ఊరు: మా ఇల్లు. విమానం: హైదరాబాద్. స్టాంపింగ్ స్లాట్: ఖాళీ. తిరిగి వచ్చే తేదీ: ఖాళీ. రిస్క్ కాలమ్‌లో మాత్రం ఒక్క మాట రాశాడు, 'తెలుసు' అని.

హైదరాబాద్ వాడు దాని పక్కన కామెంట్ పెట్టాడు: "ఎయిర్‌పోర్టుకి నేనొస్తా. పెంకులు నేయించడానికి మనిషిని చూశావా?"

నేను చూశాను. వచ్చే సోమవారం వస్తానన్నాడు.