చాంతాడంత జన్యువు.. జానెడు ప్రొటీన్!

జన్యువు పొడవైతే, దాన్నుంచి తయారయ్యే ప్రొటీనూ పొడవుగానే ఉంటుందా? ఉండాలనేం లేదు. అందుకు మన కండరాలే సాక్ష్యం.

కండరాలు దెబ్బతినకుండా కాపుకాసే ప్రొటీన్ డిస్ట్రోఫిన్. దీని జన్యువు మనిషిలోని అతి పొడవైన జన్యువుల్లో ఒకటి. అందులో డీఎన్‌ఏ అక్షరాలు సుమారు 22 లక్షలు. కణం దానికి ఒక్క ఆర్‌ఎన్‌ఏ నకలు తీయాలంటేనే దాదాపు 16 గంటలు పడుతుంది. ఇంతా చేస్తే ప్రొటీన్‌లో ఉండేవి 3,685 అమైనో ఆమ్లాలే. ఒక్కోదానికి మూడక్షరాల చొప్పున 11 వేల పైచిలుకు అక్షరాలు చాలు. అంటే రెండు వందలకు ఒక్కటి! కండరాల్లోనే ఉండే టైటిన్ కథ వేరు. దాని జన్యువు సుమారు 3 లక్షల అక్షరాలే. ప్రొటీన్‌లో మాత్రం అమైనో ఆమ్లాలు దాదాపు 34 వేలు.

మరి మిగతా అక్షరాలన్నీ ఏమవుతున్నాయి? కత్తిరింపులో పోతున్నాయి. జన్యు సమాచారం ముక్కలుగా ఉంటుందని 1977లో బయటపడింది. ఆ పరిశోధనకే రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్‌లకు 1993లో నోబెల్ వచ్చింది. నకలులోంచి కణం తీసేసే భాగాలు ఇంట్రాన్లు. ఉంచుకుని అతికించుకునేవి ఎక్సాన్లు. డిస్ట్రోఫిన్‌కు ఎక్సాన్లు 79.

వీటిలో కొన్ని లోపించడం వల్లే చాలామంది మగపిల్లలకు డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ వస్తుంది. కండరాలు క్రమంగా క్షీణించి, పన్నెండు పదమూడేళ్లకే చాలామంది నడవలేకపోతారు. విచిత్రమేంటంటే, పెద్ద ముక్క పోయినవారికి జబ్బు తక్కువగా, చిన్న ముక్క పోయినవారికి తీవ్రంగా ఉండొచ్చు.

‘కమలవనజసరళ’ అని రాసి, మూడేసి అక్షరాలుగా చదవండి. మూడు పేర్లు వస్తాయి. ‘మ’ ఒక్కటి తీసేస్తే ‘కలవ, నజస, రళ’.. అంతా గందరగోళం. అదే ‘వనజ’ మొత్తం పోతే? కమల, సరళ క్షేమం! జన్యువులోనూ అంతే. మూడేసి అక్షరాల వరస చెడకపోతే ప్రొటీన్ పొట్టిదైనా చాలావరకు పనిచేస్తుంది. డిస్ట్రోఫిన్‌లో 46 శాతం లోపించినా జబ్బు చాలా స్వల్పంగా ఉన్న కేసు 1990లో వెలుగులోకి వచ్చింది.

ఈ సూత్రంతోనే మందులు పుట్టాయి. ఇంకో ఎక్సాన్‌ను కావాలనే దాటించి వరసను సరిచేయడం వాటి పని. మొదటిదానికి 2016లో అమెరికా అనుమతించింది. అది జబ్బును నయం చేయదు, కొన్నిరకాల లోపాలకే పనికొస్తుంది. అందుకే జన్యు పరీక్ష రిపోర్టు చేతికొచ్చినప్పుడు ‘ఎంత పోయింది’ అనే కాదు, ‘వరస నిలిచిందా’ అని కూడా డాక్టర్‌ను అడగాలి.