కారు చెప్పు కబుర్లు ఎవరికొరకు?

సింగరేణి బొగ్గు గనుల సంస్థ లాభములలో కార్మికుల వాటా 33 శాతమని, ఆ మొత్తము 796 కోట్ల రూపాయలని 2024వ సంవత్సరము సెప్టెంబరు మాసమున రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించినప్పుడు, సగటున ఒక్కొక్క ఉద్యోగికి దాదాపు లక్షా తొంబది వేల రూపాయలు దసరా పండుగ వేళకు చేతికందు యోగము కలిగెను. దసరాకు లాభాల వాటాయు, దీపావళికి బోనసును వచ్చు ఆ కొలది వారములపైననే గోదావరిఖని, రామగుండము, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీల వర్తకులు సంవత్సరపు ఆశలనెల్ల నిలుపుకొందురు. ఆ దినములలో కారు కొన వచ్చిన కార్మిక కుటుంబమునకు షోరూములోని కుర్రవాడు మైలేజిని, ఇంజను శక్తిని వర్ణించి యూరకుండక, ఇది కనెక్టెడ్ కారు, మీ ఫోనుతో మాటలాడునని మరియొక గుణమును ముందుంచుచున్నాడు. ఆ గుణమునకు ఈ బొగ్గు ప్రాంతమున నిజమైన గిరాకి యున్నదా, ఉన్నచో నది యే రూపమున నున్నది అను విషయము కారు కంపెనీలకే గాక మనకును విచారింపదగినది.

టెలిమాటిక్స్ అని వ్యవహరింపబడు ఈ సేవ యొక్క నిర్మాణము గహనమైనది కాదు. కారులో నమర్చిన చిన్న పెట్టె ఉపగ్రహ సంకేతముల వలన తానున్న తావును, కారులోని కంప్యూటరు వలన వేగమును, బ్రేకు తొక్కిన తీరును, బ్యాటరీ స్థితిని గ్రహించి, తనయందలి సిమ్ ద్వారా కంపెనీ సర్వరునకు పంపగా, అచ్చటనుండి ఆ సమాచారము యజమాని ఫోనునకు చేరును. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ ఆన్‌స్టార్ పేరిట 1996లో ప్రారంభించిన ఈ వ్యాపారము మన మధ్యతరగతి వాకిటికి వచ్చుటకు రెండు దశాబ్దములు దాటెను. 2018లో మారుతి సంస్థ సుజుకి కనెక్ట్‌ను 9,999 రూపాయలకు విడి ఉపకరణముగా విపణిలో నిలిపెను. మరుసటి యేట మే నెలలో హ్యుందాయ్ వెన్యూ, జూన్‌లో ఎంజీ హెక్టర్, ఆగస్టులో కియా సెల్టోస్ ఒకదాని వెంట నొకటి వచ్చి ఇంటర్నెట్ కారు అను మాటను ఇంటింటికి పరిచయము చేసినవి. వెన్యూతో వచ్చిన బ్లూలింక్ సేవ మొదటి మూడేండ్లు ఉచితము, పిమ్మట చందా.

గిరాకిని గురించిన మన యంచనాలను తారుమారు చేయుచున్నది ఈ ఉచితమే. కారు ధరలో కలిసి వచ్చిన దానిని వలదనువాడుండడు గనుక, అమ్ముడైన కనెక్టెడ్ కార్ల సంఖ్యను చూపి ప్రజలీ సేవను కోరుచున్నారనుట తర్కమునకు నిలువదు. నాలుగవ యేట జేబునుండి డబ్బు తీసి చందా కట్టినవారి సంఖ్యయే లెక్కింపదగిన గిరాకి. బీఎండబ్ల్యూ వంటి సంపన్నుల కార్ల సంస్థయే 2022లో కొన్ని దేశములయందు సీటును వెచ్చజేయు సదుపాయమునకు చందా విధించి, కొనుగోలుదారుల యాగ్రహము చూచి మరుసటి యేట దానిని విరమించుకొనవలసి వచ్చిన దనగా, చందా యన్న మాట వినియోగదారునకు ఎంత కటువుగా తోచునో తెలియుచున్నది.

వాహనపు కదలికను దూరమునుండి కనిపెట్టు విద్య మన ప్రాంతమునకు మాత్రము కొత్తది కాదు. బొగ్గు మోయు లారీలకు జీపీఎస్ పెట్టెలు బిగించి, అవి దారి తప్పినను నడుమ నిలిచినను కార్యాలయమున తెలియునట్లు చేయుట బొగ్గు దారి మళ్ళకుండుటకై యేర్పడిన పద్ధతి. ఏ డంపరు ఏ షావెలు కడకు పోవలెనో నిమిషనిమిషమునకు నిర్ణయించు యంత్రాంగములు ప్రపంచమునందలి పెద్ద ఓపెన్‌కాస్టు గనులలో చిరకాలముగా వాడుకలో నున్నవి. విద్యుత్కేంద్రమునకు చెందిన కుందనపల్లి బూడిద చెరువునుండి బూడిద తోలు లారీల వంటి బరువు వాహనముల వ్యాపారమున ఈ పరికరమునకు గిరాకి యుండుటలో వింత లేదు. మిగిలిన డీజిలే దాని చందాను కట్టును. అయితే వీటన్నింటి యందును చూచువాడు యజమాని, చూడబడువాడు డ్రైవరు. ఎనిమిది గంటల షిఫ్టంతయు తన డంపరు ఎచ్చట నిలిచెనో, ఎంతసేపు నిలిచెనో లెక్క చెప్పుకొనవలసిన ఆపరేటరు, లాభాల వాటాతో సొంత కారు కొనునప్పుడు దానిలోను అట్టి పెట్టెయే యున్నదని వినగానే ఉత్సాహపడవలెనని కోరుట అన్యాయము. ఆతని మొగమున కనిపించు అనాసక్తిని అజ్ఞానమని యెంచు అమ్మకందారులు పొరబడుచున్నారు.

అయినను ఆతనికి కావలసినవి లేకపోలేదు. వేసవిలో నలుబదియైదు డిగ్రీలు దాటు రామగుండపు ఎండలో నిలిచిన కారును ఫోనుతో ముందుగా చల్లబరచుకొనుట నగరవాసికి విలాసమైనను, మొదటి షిఫ్టు దిగి మధ్యాహ్నమున ఇల్లు చేరువానికి అది నిజమైన ఉపకారమే. కారు దొంగిలింపబడినచో దాని జాడ తెలియుట, కుమారుడు రాజీవ్ రహదారిపై మితిమీరిన వేగమున పోయినచో హెచ్చరిక వచ్చుట కోరని తండ్రి యుండడు. కాని భూగర్భ గనిలోనికి దిగువాడు బీడీలను, అగ్గిపెట్టెను మాత్రమే గాక సెల్‌ఫోనును కూడ పైననే విడిచి దిగవలెను. మీథేను మండు తావున నిప్పురవ్వకు అవకాశమిచ్చు పరికరమేదియు లోనికి పోరాదు. కనుక ఆతని కారు పంపిన హెచ్చరిక షిఫ్టు ముగియు వరకును బాయి పైన ఉన్న ఫోనులో చదువువాడు లేక పడియుండును. భార్య ఫోనునకు, అదియు తెలుగులో, సాధారణ సందేశముగా వెళ్ళు ఏర్పాటును కొనుగోలు నాడే చేసి పంపుట ఎంత చిన్న పని! ఆ చిన్న పనిని తలపెట్టనివారు మాకు గిరాకి లేదని విచారించుట తగదు.

అన్నింటికన్న నన్ను కలవరపెట్టుచున్నది బీమా విషయము. 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ, వాహన బీమాలోని సొంత నష్టపు భాగమునకు, నడిపినంతకే చెల్లించుట, నడిపిన తీరును బట్టి చెల్లించుట అను రెండు విధములను అనుబంధములుగా అనుమతించెను. మొదటిది మన కార్మికునకు వరమే యనవచ్చును. క్వార్టరునుండి గనికి, గనినుండి క్వార్టరునకు కొలది కిలోమీటర్లు, ఎప్పుడైన వేములవాడకో ధర్మపురికో ప్రయాణము, ఇంతమాత్రమే తిరుగు కారునకు, దినమునకు వంద కిలోమీటర్లు తిరుగు కారుతో సమానమైన ప్రీమియము చెల్లించుటలో న్యాయము లేదు. రెండవది అట్లు కాదు. నడుపు తీరును కొలుచు పద్ధతులు విదేశములలో పుట్టినవి. అందు ప్రసిద్ధమైన వానిలో అర్ధరాత్రి మొదలు వేకువ లోపల కారు నడుపుట ప్రమాదచిహ్నముగా లెక్కింపబడును. విందులనుండి తిరిగి వచ్చు యువకులను దృష్టిలో నుంచుకొని చేసిన ఆ గణన, రెండవ షిఫ్టు దిగి అలసి ఇల్లు చేరువానిని, రాత్రి షిఫ్టునకు పోవువానిని కూడ ఆ వరుసలోనే కూర్చుండబెట్టును. బొగ్గు లారీ అకస్మాత్తుగా అడ్డము వచ్చినప్పుడు గట్టిగా బ్రేకు తొక్కి ప్రాణము దక్కించుకొన్నవాని ఖాతాలో ఆ తొక్కుడు దుడుకుతనముగా నమోదగును. దేశమునకు వెలుగునిచ్చుటకై నిద్ర మానుకొను మనిషి, ఆ నిద్ర మానుకొన్నందులకే అధిక ప్రీమియము కట్టవలసిన దుస్థితి రాకూడదు. మన దేశమున ఈ విధానము ఇంకను శైశవమున నున్నది గనుక, దిద్దుటకు ఇదియే సమయము.

ఆపదలో ఆదుకొను విషయమునకు వత్తము. ఐరోపా సమాఖ్యలో 2018 మార్చి 31 తరువాత ఆమోదము పొందు కొత్త నమూనా కారు ఏదైనను, ఘోర ప్రమాదము జరిగిన తోడనే తనంత తాను 112నకు ఫోను చేయవలెనను నిబంధన యున్నది. మన దేశమున 2022 ఒక్క సంవత్సరముననే రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అయినను సొంత కార్లకు అట్టి నిర్బంధము లేదు. కనెక్టెడ్ కారులో ఆపద వేళకై అమర్చిన ఎర్ర బొత్తామును నొక్కినచో ఆ పిలుపు సాధారణముగా కంపెనీ వారి కాల్ సెంటరునకు పోవును. ఎక్కడో కూర్చున్న ఆ ఉద్యోగి, బసంత్‌నగర్ దాటిన తరువాతి మలుపు ఏదో తెలిసికొని, మరల స్థానిక సేవలకు తెలుపవలెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో పుట్టి దేశమునకెల్ల దారి చూపిన 108 అంబులెన్సు సేవ మన యింటిది. చందాతో ప్రమేయము లేకుండ, ప్రమాద సంకేతము సూటిగా 108నకో 112నకో చేరునట్లు చేసినచో, ఈ సేవను ఎందుకు కొనవలెనని కార్మికుడు ప్రశ్నింపడు. సొంత కార్ల మాట యటుంచగా, ప్రజారవాణా వాహనములకు స్థాన సూచక యంత్రమును, ఆపద బొత్తామును నిర్బంధించిన 2016 నాటి కేంద్ర నిబంధనయు, మన పట్టణములలో జనమెక్కువగా నెక్కు ఆటోలను మినహాయించినది.

సమాచారము ఎవరి సొత్తు అను ప్రశ్న మిగిలియున్నది. డ్రైవర్ల నడవడి వివరములను జనరల్ మోటార్స్ డేటా వర్తకులకు అందించిన వైనము 2024లో బయటపడి, అవి బీమా కంపెనీల చేతికి చేరి, కొందరి ప్రీమియము పెరుగుటకు కారణమైనవన్న ఆరోపణలు వచ్చెను. మరుసటి జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ పంపకమును అయిదేండ్లపాటు నిషేధింపబూనెను. మన పార్లమెంటు 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టమును చేసినది. ఆ చట్టము కోరు సమ్మతి, షోరూములో దీపావళి రద్దీ నడుమ పెట్టించుకొను పది సంతకములలో ఒకటి కారాదు. పాత కారు కొనువారు మరింత జాగరూకులై, మొదటి యజమాని ఖాతా తొలగినదో లేదో చూడవలెను; లేనిచో మన కారు ఎచ్చటనున్నదో ఆతని ఫోను చెప్పుచునే యుండును.

మునుపు చెప్పిన బీమా చిక్కునకు ఒక దారి కలదు. 2024 ఫిబ్రవరిలో బ్యాంకుతో సమష్టిగా బేరమాడి సింగరేణి కార్మికులకు కోటి రూపాయల ప్రమాద బీమా సాధింపబడినది. ఆ మార్గముననే, షిఫ్టు వేళల ప్రయాణమును దోషముగా నెంచని వాహన బీమాను సమష్టిగా కోరుటకు యాజమాన్యమును, కార్మిక సంఘములును పూనుకొనవలెను. రాబోవు దసరాకు కారు కొన దలచిన సోదరులు, అడ్వాన్సు చెల్లించుటకు ముందే, నాలుగవ యేటి చందా ఎంతయో, ఎర్ర బొత్తాము నొక్కినచో ఎవరు పలుకుదురో, తమ ప్రయాణముల లెక్క ఎవరెవరికి పోవునో అడిగి, ఆ జవాబులను కాగితముపై వ్రాయించుకొన వలెనని నా మనవి.