గోళీకి పేరు కన్నా ఊరే ముఖ్యం

బెంగళూరు చిక్కపేట దగ్గర బి.వి.కె. అయ్యంగార్ రోడ్డులో ఆదివారం పొద్దున్నే సాగే చోర్ బజారుకు పాత వస్తువుల మీద మోజున్నవాళ్లు నగరం నలుమూలల నుంచీ వస్తారు. గడియారాలు, కెమెరాలు, ఇత్తడి సామాన్లు చేతులు మారే ఇలాంటి చోట ఒక డబ్బాడు పాత గాజు గోళీలు కనిపిస్తే, వాటిని ఏరుకునేవాళ్లూ ఇప్పుడు ఉన్నారు. అది మంచి సంగతే. అయితే చేతికి దక్కిన గోళీని ఫోన్‌లో కనిపించే అమెరికా గోళీల బొమ్మలతో పోల్చి, ఇది ‘అక్రో’, అది ‘పెల్టియర్’ అని పేరు పెట్టేయడమే గుర్తుపట్టడం అనుకుంటే మాత్రం చిక్కే. మనదేశంలో దొరికే పాత మర గోళీ విషయంలో కంపెనీ పేరు చిట్టచివర రావలసిన మాట. అది ఏ ఊళ్లో దొరికింది, ఏ ఇంటి నుంచో ఏ అంగడి నుంచో ఎలా బయటికొచ్చింది, దానితోపాటు ఇంకేమున్నాయి అన్నవి మొదట రాసుకోవాలి. ఆ నాలుగు మాటలూ రాయని గోళీకి ఎంత గొప్ప పేరు తగిలించినా అది ఊహ మాత్రమే.

ఈ పేర్లు ఎక్కడివో చూస్తే విషయం తేటపడుతుంది. పంతొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా గాజు గోళీలకు ప్రధాన కేంద్రం జర్మనీలోని లౌషా ప్రాంతం. అక్కడ రంగుల గాజు కడ్డీని వేడిచేసి, గుంట ఉన్న ప్రత్యేకమైన కత్తెరతో తిప్పుతూ తుంచేవారు. తెగిన చోట గరుకు మచ్చ మిగిలేది. ఆ మచ్చ కనిపిస్తే చేతిపని అనుకోవచ్చు. కనిపించకపోతే మరపని కావచ్చు, మచ్చను సానపట్టి నునుపు చేసిన చేతి గోళీ అయినా కావచ్చు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో స్థిరపడిన డెన్మార్క్ మనిషి మార్టిన్ ఫ్రెడరిక్ క్రిస్టెన్సన్, అంతకుముందు ఉక్కు బాల్ బేరింగుల తయారీకి యంత్రం కనిపెట్టినవాడు, అదే ఆలోచనను గాజుకు మళ్లించి గోళీల యంత్రానికి 1905లో పేటెంటు పొందాడు. కరిగిన గాజు ముద్ద గాళ్లున్న రెండు రోలర్ల మధ్య పడి, దొర్లుతూ, చల్లబడుతూ గుండ్రమవుతుంది. అతని దగ్గర పనిచేసిన హొరేస్ హిల్ ద్వారా ఆ విద్య అక్రో ఆగేట్ కంపెనీకి చేరింది. ఆ కంపెనీ 1914లో వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌కు తరలిపోయింది. యుద్ధం వల్ల జర్మనీ సరుకు ఆగిపోవడం దానికి కలిసొచ్చింది. ఇల్లినాయ్‌లోని ఒట్టావాలో పెల్టియర్, పార్కర్స్‌బర్గ్‌లో విట్రో, తర్వాత మార్బుల్ కింగ్ ఇలా వరసగా వచ్చాయి. అక్రో 1951లో మూతపడింది.

పని తీరే గోళీ ఒంటి మీద గుర్తుగా నిలుస్తుంది. సేకరణలో అసలైన ఆనందం నాకు ఇక్కడే కనిపిస్తుంది. క్రిస్టెన్సన్ కర్మాగారంలో రోలర్ల పని యంత్రానిదే అయినా, కరిగిన గాజును కడ్డీతో తీసి పోసేది మనిషే. కడ్డీని తిప్పే ఆ మణికట్టు ఒడుపు వల్ల గోళీ ఒక కొసన తెల్లని చార తొమ్మిది అంకెలా చుట్టుకుంటుంది, ఎదుటి కొసన తోకలా సాగుతుంది. వందేళ్లు దాటినా పేరు తెలియని ఆ కార్మికుడి చేతి కదలిక గాజులో అలాగే ఉంది. తర్వాతి కాలంలో గాజు పోసే పని కూడా యంత్రానిదే అయింది. అక్రో యంత్రాల్లో కిందికి జారే రంగుల గాజు గుండ్రంగా తిరుగుతూ దిగేది కాబట్టి, రెండు మూడు రంగులు కలిసిపోకుండా ఒక కొస నుంచి మరో కొస దాకా మెలిపడ్డాయి. పెల్టియర్ గోళీల్లో చాలావాటికి పట్టీల్లాంటి రంగులు, అవి కలిసే చోట అతుకు గీతలు ఉంటాయి. కత్తెర తెంపిన గుర్తు, అతుకుల వరస, కింది గాజు పారదర్శకమా కాదా, రంగు పైపైనే ఉందా లోపలికి దిగిందా — ఇవన్నీ చూసి చేయి తిరిగినవాళ్లు ఒక అంచనాకు వస్తారు.

కానీ ఆ చూపు ఒక్కటే వాళ్లను అంతదూరం తీసుకెళ్లలేదు. అమెరికాలో గోళీకి కంపెనీ పేరు నమ్మకంగా చెప్పగలగడానికి వెనక కాగితాలున్నాయి, మట్టి ఉంది. పేటెంటు పత్రాలున్నాయి. అక్రోకు, పెల్టియర్‌కు మధ్య పేటెంటు మీద నడిచిన వ్యాజ్యం రికార్డులున్నాయి. గోళీలతో సహా మిగిలిన అసలు అట్టపెట్టెలు, అమ్మకందారుల నమూనా పెట్టెలు ఉన్నాయి. మూతపడిన కర్మాగారాల స్థలాల్లో తవ్వి తీసిన విరిగిన గోళీలు, గాజు ముక్కలు ఉన్నాయి. ఫలానా రంగు కలయిక ఫలానా కర్మాగారం చెత్తకుప్పలోనే దొరికింది కనుక ఆ గోళీ అక్కడిదే అన్న నిర్ణయం అలా వచ్చింది. అంటే అక్కడ కూడా ముందు ఊరు, తర్వాతే పేరు. మనం వాళ్ల పేర్లు తెచ్చుకుని వాళ్ల పద్ధతిని వదిలేస్తే అది సగం చదువు.

మన గోళీలకు అలాంటి ఆధారాలు చాలా తక్కువ. మన పిల్లల జేబుల్లో తిరిగినవి ఎక్కువగా రంగులేని గాజులో మూడు నాలుగు రంగు రేకులు కనిపించే రకం. ప్రపంచమంతటా దాన్ని క్యాట్స్ ఐ అంటారు. ఈ రకం యుద్ధానంతర జపాన్ నుంచి అమెరికా మార్కెట్లోకి వెల్లువెత్తింది. అక్కడి కంపెనీలు 1950ల్లో పోటీగా తమ రకాలు తయారుచేసుకున్నాయి. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, అలాంటి గోళీని చూపించి 1930ల నాటిదని ఎవరైనా అమ్మజూపితే నమ్మనక్కర్లేదు. అయితే అది ఏ కాలానికి ముందుది కాదో చెప్పగలిగామే గానీ, ఎక్కడ తయారైందో చెప్పలేకపోయాం. గాజు పనికి పెట్టింది పేరు కాబట్టి ఫిరోజాబాద్ అనేస్తే సరిపోదు. జపాన్ సరుకు కావచ్చు, మనదేశపు సరుకు కావచ్చు, నిన్నమొన్నటి దిగుమతి కావచ్చు. రేకుల లెక్క, రంగు ఈ మూడింటినీ విడదీయలేవు. ఫలానా ఏడాదిలో మూతపడిన కిరాణా కొట్టు అటక మీద తెరవని పొట్లంలో దొరికింది అన్న సమాచారం మాత్రం విడదీయగలదు.

దీనికి మన దగ్గరే గట్టి రుజువు ఉంది, అది గోళీ సోడా. లండన్‌లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు 1872లో పేటెంటు పొందిన సీసా అది. సీసా మెడ పూర్తికాకముందే గోళీని లోపల వేసి, తర్వాత మూతి తీరుస్తారు. మూతి లోపల రబ్బరు వాషరు ఉంటుంది. సోడా నింపి తలకిందులు చేస్తే, గ్యాసు ఒత్తిడికి గోళీ వెళ్లి ఆ వాషరుకు అతుక్కుని బిగుసుకుంటుంది. వేలితోనో చెక్క బిరడాతోనో నొక్కితే గ్యాసు బుస్సుమని, గోళీ మెడ కింది నొక్కుల మధ్య గూట్లోకి జారుతుంది. జపాన్‌లో 1884 నుంచి కోబేలో మొదలైన రామునే పానీయానిదీ ఇదే సీసా. ఉత్తరప్రదేశ్‌లోని సాస్నిలో ఈ సీసాలు చాలాకాలం తయారయ్యాయి. ఇప్పుడు మళ్లీ ఫ్యాషనై, మన గోళీ సోడా గల్ఫ్ దేశాల సూపర్‌మార్కెట్లకు కూడా వెళ్తోంది. సేకరణ దృష్టితో చూస్తే ఈ సీసాలో ఒక అపురూపమైన గుణం ఉంది. సీసా పగిలితే తప్ప గోళీ బయటికి రాదు. అంటే సీసా ఎప్పటిదో తెలిస్తే గోళీ అంతకన్నా కొత్తది కాదని ఖాయంగా చెప్పొచ్చు. సీసా ఒంటి మీద ఉబ్బెత్తు అక్షరాల్లో సోడా ఫ్యాక్టరీ పేరో, ఊరి పేరో, గాజు కర్మాగారం గుర్తో ఉంటే అది లోపలి గోళీకి పుట్టిన ఊరి పత్రం లాంటిది. గోళీ కోసం సీసాలు పగలగొట్టిన పిల్లలు కోకొల్లలు, వాళ్లను తప్పుపట్టలేం. కానీ పెద్దవాళ్లు, అందులోనూ సేకరించేవాళ్లు, అదే పని చేయకూడదు. విడిగా తీసిన ఆకుపచ్చ గోళీకి చెప్పుకోవడానికేమీ లేదు, అదే గోళీ సీసాలో ఉంటే ఒక ఊరి వ్యాపార చరిత్రలో ఓ వాక్యం దొరికినట్టే.

లక్షల్లో తయారై, పైసాకు అమ్ముడుపోయి, మట్టిలో కలిసిపోయిన వస్తువుకు ఇంత రాతకోతలెందుకని అడగొచ్చు. చేతి పనికి విలువ ఉంది, మరపనికి ఏముందన్నది ఆ ప్రశ్నలో దాగున్న మాట. బెంగళూరు నుంచి మైసూరు దారిలో ఉన్న చన్నపట్న బొమ్మలకు, మన కొండపల్లికి, ఏటికొప్పాకకు, నిర్మల్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రావడం న్యాయమే. గాజు గోళీకి అలాంటిది లేదు. కానీ లెక్కకు మిక్కిలి తయారైనదంతా చరిత్రకు పనికిరానిదైతే, తిరుపతి జిల్లా పాపానాయుడుపేట గాజుపూసల కథ మనకు దక్కేదే కాదు. కొలిమిలో గాజు ముద్దను బోలుగా చేసి, ఇనుప కొక్కెంతో గొట్టాలుగా లాగి, ముక్కలు కోసి, మళ్లీ కాల్చి నునుపుచేసే ఆ పూసలు విడిగా చూస్తే ఆవగింజంత, వెల చెప్పుకోదగ్గది కాదు. అలాంటి పూసలే పుదుచ్చేరి పక్కన అరికమేడులో దొరికాయి, తూర్పు ఆఫ్రికా నుంచి కొరియా దాకా తవ్వకాల్లో దొరుకుతున్నాయి. వాటిని ఇండో పసిఫిక్ పూసలన్న పీటర్ ఫ్రాన్సిస్ లాంటి పరిశోధకులు పాపానాయుడుపేటకు వచ్చి, పనివాళ్ల పక్కన నిలబడి, ఒక్కో అంచెనూ రాసుకున్నారు. వేల ఏళ్ల కిందటి పూసలు ఎలా తయారయ్యాయో ఆ రాతల వల్ల తేలింది. ఇప్పుడు గోళీల యంత్రం దగ్గర పనిచేసిన మనిషి మనదేశంలో ఎక్కడున్నా, ఆయన మాట అంత విలువైనదే. ఆయన పోయాక అడగడానికి ఎవరూ ఉండరు.

ఇంకో వాదన కాస్త బలమైనది. ఊరు, చోటు ఎవరికి కావాలి, పరీక్షలు చాలవా అంటారు. అతినీలలోహిత దీపం కింద కొన్ని పాత గోళీలు ఆకుపచ్చగా వెలుగుతాయి, గాజులో యురేనియం ఉన్న ఆనవాలు అది. భూతద్దంలో చూస్తే ఆటలో పడ్డ చిన్న చిన్న అర్ధచంద్రాల దెబ్బలు కనిపిస్తాయి. ఇవి తప్పక చేయాల్సిన పరీక్షలే. కానీ దీపం గాజులో ఏముందో చెబుతుంది, గాజును పోసింది ఎవరో చెప్పదు. దెబ్బలు ఆడారని చెబుతాయి, ఎప్పుడు ఆడారో చెప్పవు. పైగా దెబ్బల్ని మాపేవాళ్లున్నారు. కొత్తదానిలా కనిపించాలని గోళీని సానపడితే పై పొరతో పాటు కత్తెర గుర్తులూ పోతాయి. పెల్టియర్ కంపెనీ ఒకప్పుడు పన్నెండు మంది కామిక్ పాత్రల బొమ్మలు ముద్రించి అమ్మిన గోళీలకు ధర పలకడంతో, కొత్త గోళీల మీద అలాంటి బొమ్మలు అద్ది అమ్మే నకళ్లు కూడా వచ్చాయి. అన్ని ఆధారాలున్న అమెరికాలోనే ఇంత మోసం నడుస్తుంటే, ఏ ఆధారమూ రాసుకోని మన దగ్గర పేరును బట్టి ధర పెరగడం మొదలైతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. అప్పుడు నిజంగా ఇక్కడ తయారైన గోళీకి గతి ఉండదు. విదేశీ పేరు అతకని దాన్ని ఎవరూ దాచరు. నాకు అన్నింటికన్నా బెంగ కలిగించేది ఇదే.

ఈ రాతకోతలతో సరదా చచ్చిపోతుందని కొందరి భయం. చేతిలో గోళీని ఎండకెత్తి చూసే సంతోషానికి ఏ కాగితమూ అడ్డురాదు. అందరి దగ్గరా ఉన్న ప్రతి గోళీకీ చరిత్ర రాయమని ఎవరూ అనడం లేదు. చోటు తెలిసిన గోళీలు గుప్పెడు చాలు. వాటిని తెలియనివాటితో కలపకుండా విడిగా ఉంచితే, తర్వాత దొరికేవాటిని పోల్చడానికి కొలబద్ద ఏర్పడుతుంది. ఈ పనికి బెంగళూరు తగిన ఊరు. కస్తూర్బా రోడ్డులో 1962లో మొదలైన విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం యంత్రం ఎలా పనిచేస్తుందో పిల్లలకు చూపించడానికే పుట్టింది. రెండు రోలర్ల మీద గాజు ముద్ద గుండ్రమయ్యే తీరును, దాని పక్కన సొరుగు నిండా చోటు తెలిసిన గోళీలను, గోళీ లోపలే ఉన్న పాత సోడా సీసాలను అక్కడ ఉంచితే చూడటానికి వచ్చే పిల్లలకు కొదవుండదు. తెలుగు, కన్నడ, తమిళ ఇళ్లవాళ్లు కలిసి బతికే నగరం కాబట్టి మూడు ప్రాంతాల అటకల మీదివీ అక్కడికి చేరగలవు. హైదరాబాద్ జుమేరాత్ బజార్లో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొనేవాళ్లూ ఇదే పద్ధతి పాటిస్తే పోల్చుకోవడానికి ఇంకో వైపు దొరుకుతుంది.

మ్యూజియం ఎప్పుడు ముందుకొచ్చినా, రాయడం ఇవాళే మొదలుపెట్టొచ్చు. దొరికిన ప్రతిదానికీ ఒక్కో చిన్న సంచి, అందులో పెన్సిల్‌తో రాసిన చీటీ. కొన్న ఊరు, తేదీ, అమ్మినవాళ్లు అది ఎక్కడి నుంచి వచ్చిందని చెప్పారో వాళ్ల మాటల్లోనే, కలిసి దొరికిన వస్తువులు, మిల్లీమీటర్లలో అడ్డుకొలత, దీపం కింద రంగు. కంపెనీ పేరు కోసం చివర ఒక గీత ఖాళీగా వదలాలి. అది నింపడానికి ఆధారం దొరికిన రోజున, ఎవరు ఏ ఆధారంతో నింపారో కూడా పక్కనే రాయాలి.