నోటిమాట పనికి కూలి ఎవరివ్వాలి?

సూరత్ సమీపాన అంత్రోలిలో తలపెట్టిన బులెట్ రైలు స్టేషను వంటి భారీ నిర్మాణాలు ఉపకాంట్రాక్టర్లు లేనిదే సాగవు. నోటిమాటపై అదనపు పని చేయించుకొని, సొమ్ము అడిగితే "ఒప్పందంలో లేదు" అనుట ఈ రంగంలో పాత జాడ్యం. ఆ తగాదాలో తొలుత ఆగేది తాపీ కార్మికుని కూలి.

చట్టం మౌనం వహించలేదు. ఉచితంగా కాక, చట్టసమ్మతంగా చేసిన పనివలన లాభం పొందినవారు పరిహారం చెల్లించవలెనని 1872 కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను శాసిస్తున్నది. అధికారుల కోరికపై, చెల్లుబాటైన ఒప్పందం లేకుండానే కట్టిన కట్టడాలకు సొమ్ము ఇవ్వవలసిందేనని బి.కె. మండల్ కేసులో 1961లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. కాని తీర్పు వచ్చువరకు కూలివాని పొయ్యి వెలగదు.

కనుక నిర్మాణాలను పర్యవేక్షించే రైల్వే, తపాలా సోదరులకు మా విజ్ఞప్తి: పరిమాణం, ధర కాగితంపై తేలనిదే అదనపు పని ప్రారంభం కానీయకండి. బిల్లు తగాదా ఏదైనా, కూలి ఆగరాదు.