మెరిసే వీలును తిప్పి వెనకవైపు చూడండి

శని, ఆదివారాల్లో అలిపిరి చెక్‌పోస్టు దగ్గర కార్ల లైను కదలదు. అప్పుడు పక్క బండ్ల చక్రాలు చూస్తూ పొద్దు గడిపేవాళ్ళలో నేనొకణ్ణి. తమిళనాడు బండ్లు, కర్ణాటక బండ్లు, మన ఏపీ 03లు, ఏపీ 39లు. లైనులో ఒకటైనా అద్దంలా మెరిసే క్రోమ్ వీల్స్ వేసుకుని ఉంటుంది. చూడ్డానికి బాగానే ఉంటాయి, కాదనను.

మా చిన్నాయన కొడుక్కి ఇప్పుడు ఆ పిచ్చే పట్టింది. పూతలపట్టు పక్కన వాళ్ళకు తోతాపురి తోట, ఇంట్లో ఒక సెకండ్ హ్యాండ్ స్విఫ్టు. "అన్నా, 17 ఇంచుల క్రోమ్ ఏస్తే బండి లుక్కే మారిపోతాదినా" అన్నాడు. షాపులో టైర్లతో కలిపి 45 వేలు చెప్పినారంట. 2025లో కాయల ధర పడిపోయినప్పుడు తోతాపురికి కిలో 12 రూపాయలని లెక్క కట్టారు గదా, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఆ రేటున నాలుగు చక్రాలంటే 3,750 కిలోల కాయలు. చిన్నాయన ఈ లెక్క నోటితోనే వేసేసి, "నువ్వు ఇంజినీరువి గదా నాయనా, వాడికి నువ్వే జెప్పు" అని నా మీదికి తోసినాడు. నేను చదివింది కంప్యూటర్లు. కాకపోతే రెండు ముక్కలు ఒకదానికొకటి అతుకుతాయా లేదా అని చూడడమే మా రోజువారీ పని కాబట్టి, సరే అన్నాను.

షాపులో అందరూ ముందువైపు చూస్తారు. చూడాల్సింది వెనకవైపు. అక్కడ పోతపోసిన అంకెలుంటాయి. మొదటిది పీసీడీ, అంటే బోల్టులు ఎన్ని, అవి నిలిచే వలయం వ్యాసం ఎంత అని. స్విఫ్టుకు 4x100. క్రెటాకు 5x114.3. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్‌కు ఆరు బోల్టులు, 139.7. ఇందులో "దగ్గరదగ్గరగా సరిపోతుంది" అనే మాటే లేదు. 4x98 రిమ్మును 4x100 హబ్బుకు బలవంతంగా బిగించేవాళ్ళున్నారు. నట్టు ఎక్కినట్టే ఉంటుంది, కానీ సీటులో కూర్చోదు.

రెండోది నడిమి రంధ్రం. స్విఫ్టు హబ్బు 54.1 మిల్లీమీటర్లు. బయట దొరికే వీల్స్ చాలావాటికి రంధ్రం ఇంతకంటే పెద్దదే, ఎందుకంటే ఒకే వీలును పది రకాల కార్లకు అమ్మాలి కదా. ఆ సందు పూడ్చడానికి హబ్ రింగ్ అని చిన్న వలయం వేస్తారు. అది లేకపోతే 80 దాటాక స్టీరింగు వణుకుతుంది. అప్పుడు బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అని తిరగడమే మిగులుతుంది. వంద, రెండొందల వస్తువు, అడిగితేగానీ ఇవ్వరు.

మూడోది ఆఫ్‌సెట్, ఈటీ అని రాసుంటుంది. ఇది తగ్గితే చక్రం బయటికి పొడుచుకొస్తుంది. కుర్రాళ్ళకు అదే ముచ్చట. బేరింగు మీద భారం పెరుగుతుంది, రాళ్ళు డోర్ల మీద చిమ్ముతాయి. అంతకంటే ముఖ్యం మన కొండ. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగానే ఇప్పుడు దిగుతాం. మలుపు తర్వాత మలుపు, స్టీరింగు పూర్తిగా తిప్పాలి, బండిలో ఐదుగురు, డిక్కీలో లడ్డూ సంచులతో సహా సామాన్లు. షాపు ముందు ఖాళీ బండిలో తగలని టైరు అక్కడ లైనింగుకు రాసుకుంటుంది. అందుకే నేను చెప్పేది, డబ్బు కట్టకముందే వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి, స్టీరింగు రెండువైపులా చివరిదాకా తిప్పి చూడండి. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనీ.

ఇక సైజు. చిన్నాయన బండికి కంపెనీ ఇచ్చింది 165/80 ఆర్14. బయటి వ్యాసం 619.6 మిల్లీమీటర్లు. షాపులో చెప్పిన 205/45 ఆర్17కు 616.3. స్పీడోమీటరుకు పెద్ద తేడా రాదు, అంతవరకు షాపు మాట నిజమే. మారేది రబ్బరు ఎత్తు. 132 మిల్లీమీటర్లు ఉన్న సైడువాల్ 92కు దిగుతుంది. నాలుగు సెంటీమీటర్ల మెత్త పోయినట్టు. హైవే మీద పర్లేదు. వానకు తెగిన మా ఊరి రోడ్డులో గుంతలో పడితే ఆ దెబ్బ నేరుగా రిమ్ముకే. వంగిన అలాయ్‌ని వేడిచేసి సాగగొట్టి, పగిలినదాన్ని వెల్డింగ్ చేసి, పైన పాలిష్ కొట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు. సెకండ్ హ్యాండ్ సెట్టు చవగ్గా వస్తోందంటే లోపలి అంచు వేలితో తడిమి చూడాల్సిందే.

క్రోమ్ గురించి ఒక మాట. మెరిసేదల్లా క్రోమ్ కాదు. డైమండ్ కట్ అంటే అల్యూమినియాన్ని చెక్కి పైన లక్క పూత వేసినది. కొన్ని ఉత్త స్ప్రే. అసలు క్రోమ్ ప్లేటింగులో కింద రాగి, దాని మీద నికెల్, అన్నిటికంటే పైన క్రోమియం. ఆ పై పొర మైక్రాను కూడా ఉండదు. బలమేమీ ఇవ్వదు, బరువు తగ్గించదు. అంచున చిన్న పెచ్చు లేచిందంటే నీళ్ళు దూరి కింద అల్యూమినియం తెల్లగా పూస్తుంది, అక్కణ్ణించి గాలి కారుతుంది. బ్యాలెన్సింగుకు క్లిప్పు బరువులు వద్దని, లోపల అంటించేవి వేయమని చెప్పండి. యాసిడ్ క్లీనర్లు దగ్గరికి రానీయొద్దు. మన బోరు నీళ్ళతో కడిగి ఎండలో వదిలేస్తే ఉప్పు మరకలు పడతాయి, గుడ్డతో తుడవాలి. రోజూ తుడిచే ఓపిక మా తమ్ముడికి ఉందా అంటే, వాడి బైకు చూసినవాడిగా నాకు అనుమానమే.

మదనపల్లె మార్కెట్టుకు టమోటా తోలే పికప్పులకు కూడా ఈ వీల్స్ వేస్తున్నారు, నాకు భయం అక్కడ. వీలు వెనక మ్యాక్స్ లోడ్ అని ఉంటుంది. వెనక ఇరుసు మీద 1,900 కిలోలు పడేటట్టుంటే ఒక్కో చక్రం 950 మోయాలి. 600 అని రాసున్న కారు రిమ్ము ఎంత మెరిస్తే ఏం లాభం? లారీలవాళ్ళు నట్ల మీద పెట్టే క్రోమ్ టోపీలూ అంతే. నట్టు వదులైనా కనబడదు. పసుపు ప్లాస్టిక్ బాణాలు పెట్టుకుంటే నట్టు తిరిగిందని దూరాన్నుంచే తెలుస్తుంది.

బండిని కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. వీల్స్ మారిస్తే ఇన్సూరెన్సు వాళ్ళకు రాతపూర్వకంగా తెలపాలి. రిమ్ము మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 16192 నంబరు చూసుకోవాలి.

మావాడికి దొరికిన దారి ఏమంటే, అదే స్విఫ్టు పై మోడల్‌కు కంపెనీయే 185/65 ఆర్15 అలాయ్ ఇస్తుంది. వ్యాసం 621.5, సైడువాల్ 120. అదే సైజు, వెండి రంగు. "క్రోమ్ గాదు గదన్నా" అని రెండ్రోజులు మాట్లాడలా. ఇప్పుడు ఒప్పుకున్నాడు, కాకపోతే నట్లు మాత్రం నల్లవి కావాలంట. బిగించాక వంద కిలోమీటర్లు తిరిగి మళ్ళీ టార్క్ రెంచితో చూపించమన్నాను. చిత్తూరు పోయి వస్తే సరిపోతుంది.