గాలి దూరని కిటికీలు



ఛందస్సూ వ్యాకరణమూ తప్ప వేరొకటి రాయని ఈ పంతులు కార్ల జోలికెందుకు వచ్చాడని మీరు ఆశ్చర్యపడవచ్చు. నాకు కారు నడపడం రాదు. ఉద్యోగమున్నన్నాళ్లూ సైకిలుమీదే బడికి వెళ్లినవాణ్ణి. అయితే వీణ వాయించడం రానివాడు సైతం అపస్వరాన్ని పోల్చుకోగలడు గదా! ఆ పాటి అధికారంతోనే ఈ నాలుగు మాటలు.

మొన్న మా మనుమడు కొత్తకారు తెచ్చి వాకిట్లో నిలిపాడు. అయిదేళ్ల వాయిదాలమీద కొన్నాడు. వేగానికి పేరుపడ్డ జాతి అట. ముందు బంపరుకు ఇరువైపులా రెండు పెద్ద గవాక్షాలు, వాటికి తేనెపట్టు వంటి నల్లని జాలీ. "ఇవి దేనికిరా?" అన్నాను. "గాలికి తాతయ్యా, బ్రేకులు చల్లబడాలి గదా" అన్నాడు. చూపు మందగించినవాణ్ణి గనుక చేత్తో తడిమి చూచాను. వేలు దూరలేదు. జాలీ వెనుక గట్టి ప్లాస్టిక్ పలక! వెనుక బంపరు కన్నాలదీ అదే సంగతి. పొగగొట్టాలనుకొన్న ఆ మెరిసే గొట్టాలలోంచి పొగే రాదు. అసలు గొట్టం లోపలెక్కడో తలవంచుకొని ఉన్నది. వాడు చిన్నబుచ్చుకొని, "అందరూ ఇలాగే చేస్తున్నారు తాతయ్యా" అన్నాడు.

వాడి మాట నిజమే. 2017లో వచ్చిన హోండా సివిక్ టైప్ ఆర్ బంపర్లలోని జాలీలలో చాలాభాగం మూసినవే. 2019 నాటి టొయోటా సుప్రాకు తలుపులమీదా, బానెట్టుమీదా, దీపాల పక్కనా కన్నాలున్నాయి. వాటిలోనూ ఎక్కువ భాగం మూసే అమ్మారు. పందేలకు మార్చుకొనేవారు తెరుచుకోవచ్చునని ఆ కారు ముఖ్య ఇంజనీరు సమాధానం. పందెమాడని కోటిమందికి మూతలు, ఆడే పదిమందికి గాలి అన్నమాట!

కొత్తగా పద్యం అల్లే పిల్లవాడు గణం చాలనప్పుడు ఒక వ్యర్థపదం పడేస్తాడు. సంస్కృతంలో తు, హి, వై వంటివి ఇందుకు సిద్ధంగా ఉంటాయి. ఈ కన్నాలు కూడా పాదపూరణాలే. ఎందుకంటారా? నేటి కారు దేహం పెరిగిపోయింది. ఢీకొన్నప్పుడు పాదచారి తల ఇంజనుకు తగలకుండా బానెట్టు ఎత్తు పెంచవలసి వచ్చింది, పక్కనుంచి తగిలే దెబ్బకు తలుపులు దళసరి అయ్యాయి, చక్రాలూ పెరిగాయి. ఇవన్నీ ప్రాణం కాపాడేవి, వాటిని నేను తప్పుపట్టను. కాని ఆ పెరిగిన గోడను చూచి శిల్పి భయపడుతున్నాడు. ఒక మడత పెడతాడు, దానికి అడ్డంగా ఇంకొకటి పెడతాడు, మిగిలినచోట నల్లని ప్లాస్టిక్ అతుకుతాడు. చదువరి ఊపిరి తీసుకొనే చోటే లేని దీర్ఘసమాసమది.

పాతవన్నీ బంగారమని నేననను. 1959 కాడిలాక్ వెనుక నిలిచిన ఆ పొడవాటి రెక్కలు ఎగరడానికా, ఈదడానికా? అదీ శబ్దాడంబరమే. కాని 1961లో జెనీవా ప్రదర్శనలో నిలిచిన జాగ్వార్ ఈ-టైప్ బొమ్మను చూడండి. దాని రూపకర్త మాల్కమ్ సేయర్ విమాన కర్మాగారంలో పనిచేసి వచ్చినవాడు, వంపులను గణితంతో లెక్కగట్టినవాడు. బానెట్టు నడుమ ఉబ్బు కూడా అలంకారం కోసం పుట్టలేదు. కింద ఎత్తైన ఇంజను ఉన్నది, దానికి చోటు కావాలి. 1996లో న్యూయార్కు ఆధునిక కళా ప్రదర్శనశాల ఒక ఈ-టైప్‌ను తన సేకరణలో చేర్చుకొన్నది. 1966 నాటి లంబోర్గిని మియురాను దిద్దినప్పుడు మార్చెల్లో గాందినికి ముప్పయ్యేళ్లైనా లేవు. వెనుక అద్దానికి బదులు పలకల వరుస పెట్టాడు, కింద కాగుతున్న ఇంజను వేడి బయటికి పోవడానికి. అర్థం ముందు పుట్టి, అందం దానివెంట వచ్చింది.

అది ఆ కాలానికే చెల్లిందనడానికీ వీలులేదు. 2020లో గోర్డన్ మరే చూపిన టి.50 వెనుక 400 మిల్లీమీటర్ల పంకా ఉన్నది. కారు కిందినుంచి గాలిని లాగి నేలకు అదిమి ఉంచే పని అది చేస్తుంది గనుక, పైభాగం నున్నగా, ప్రశాంతంగా ఉండగలిగింది. సివిక్ టైప్ ఆర్ కూడా 2022లో తన ఆర్భాటాన్ని చాలా తగ్గించుకొన్నది. ఆ వార్త చదివి, దిద్దిన కాపీ పుస్తకం శుభ్రంగా తిరిగి తెచ్చిన విద్యార్థిని చూచినట్లు సంతోషించాను.

నన్ను నిజంగా బాధపెట్టేది ఈ కార్ల ముఖం. దీపాలు సన్నని చీలికలయ్యాయి, కనుబొమలు ముడిపడ్డాయి, నోరు నేలదాకా తెరుచుకొన్నది. క్రీడకు మూలం ఉత్సాహం. ఉత్సాహం వీరరసానికి స్థాయి. వీరు దానికి రౌద్రం వేషం కట్టారు. రౌద్రానికి క్రోధం స్థాయి, క్రోధానికి ఒక ఆలంబన ఉండాలి. సంతలో కూరగాయల సంచితో రోడ్డు దాటుతున్న నాబోటి ముసలివాడా ఆలంబన? 1963 నాటి పోర్షె 911కు గుండ్రని కళ్లే. 1989 నాటి చిన్న మాజ్డా ఎమ్ఎక్స్-5 అయితే నవ్వుతున్నట్లే ఉంటుంది. వేగానికి కోపం తప్పనిసరి అయితే ఆ రెంటినీ అంతమంది ఎందుకు ప్రేమించారు?

ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణమన్న క్షేమేంద్రుడు పదకొండో శతాబ్దపు కాశ్మీరంవాడు. మొలనూలు మెడలోనూ, హారం నడుముకూ కట్టుకొంటే లోకం నవ్వుతుందని చెప్పినవాడాయన. ఊపిరి అక్కరలేని చోట ముక్కు పెట్టేవాళ్లను చూస్తే ఏమనేవాడో! విద్యుత్తుతో నడిచే బిఎమ్‌డబ్ల్యు ఐఎక్స్‌కు పెద్ద ముక్కుపుటాలు రెండున్నాయి, రెండూ మూసినవే. వాటి వెనుక కెమెరా, రాడారు దాచారట. పోనీ, దానికో ఉద్యోగం దొరికింది.

మనుమడు నాలుగు రోజులుండి వెళ్లాడు. మూడోరాత్రి వాన పడింది. తెల్లవారి చూస్తే మా వేపచెట్టు ఆకులు ఆ ఉత్తుత్తి జాలీలో చిక్కుకొని ఉన్నాయి. వాడు నిద్రలేవకముందే ఒక పుల్ల తీసుకొని, అరగంట కూర్చొని, ఒక్కొక్క ఆకే ఏరివేశాను.