బతకలేక బడిపంతులా?

మొన్నామధ్య కోదాడ నుంచి మా అక్క ఫోన్. "నువ్వే చెప్పవే దానికి, నీ మాటైనా వింటదేమో" అని ఒకటే ఏడుపు.

అక్క కూతురు ఇంటర్నేషనల్ రిలేషన్స్‌లో ఎంఏ చేసింది. సివిల్స్ రాసి ఫారిన్ సర్వీసుకు వెళ్తుందని మేమంతా కలలు కన్నాం. అదేమో టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్‌కు ఎంపికై హైదరాబాద్‌లో ఓ బస్తీ బడిలో చేరింది. రెండేళ్లు అక్కడే పాఠాలు చెప్పాలి. ఈ మధ్య వచ్చిన సంబంధం వాళ్లు "టీచరా? గవర్నమెంటా, ప్రైవేటా?" అని అడిగి మళ్లీ ఫోన్ చేయలేదట. అదీ అక్క బాధ.

నిజం చెప్పొద్దూ, మొదట నాకూ అయ్యో అనిపించింది. బతకలేక బడిపంతులని సామెతే ఉంది కదా మనకు. ఆడపిల్లకు టీచర్ ఉద్యోగం మంచిదని మనమే అంటాం. కానీ అది డీఎస్సీలో రావాలి, పోస్టింగు ఇంటికి దగ్గర ఉండాలి. ఆ పిల్లలకు చదువు చెప్పాలని ఉంది, వెళ్తానంటే మాత్రం పిచ్చి అంటాం.

దసరాకు అందరం మిర్యాలగూడలో అమ్మవాళ్లింట్లో కలిశాం. బతుకమ్మ పేరుస్తుంటే నా పక్కన కూర్చుని చెప్పింది. ఒక పిల్లాడి తల్లి మీటింగుకు ఎప్పుడు పిలిచినా రాదట. పట్టింపు లేని మనిషి అనుకుందట. ఇంటికి వెళ్తే తెలిసింది, ఆమె నాలుగిళ్లలో పనిచేస్తుంది, పూట మానేస్తే డబ్బు కోసేస్తారు. అప్పటి నుంచి మీటింగు సాయంత్రానికి మార్చింది. "ఎదుటివాళ్ల పరిస్థితి తెలియకుండా చర్చకు కూర్చోకూడదని మాకు చెప్పారు చిన్నమ్మా. దేశాల గురించి చెప్పారు, నాకిక్కడ పనికొచ్చింది" అంది.

అసలు ఈ దారి వేసినామెదీ అలాంటి చదువే. అమెరికాలో వెండీ కాప్ ప్రిన్స్‌టన్‌లో ప్రజా, అంతర్జాతీయ వ్యవహారాలు చదివింది. 1989లో అక్కడ రాసిన థీసిస్ నుంచే టీచ్ ఫర్ అమెరికా పుట్టింది. మన దగ్గర టీచ్ ఫర్ ఇండియా 2009లో మొదలైంది.

అయినా నేనొకటి అడిగాను. "రెండేళ్లయ్యాక నువ్వు వెళ్లిపోతావు. మరి ఆ పిల్లలో?" కాసేపు మాట్లాడలేదు. అడగాల్సిన మాటే అది. మా సూర్యాపేట చుట్టుపక్కల తండాలకు ఏళ్ల తరబడి బస్సెక్కి వెళ్లే టీచర్లున్నారు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు రెండూ నేర్పుతారు. వాళ్లకు ఏ ఫెలోషిప్ పేరూ లేదు. "మీ బడిలో పాత టీచర్ల దగ్గర నేర్చుకో. ఏ పిల్ల ఏ పాఠం దగ్గర ఆగిందో నోట్‌బుక్‌లో రాసిపెట్టు, నీ తర్వాత వచ్చేవాళ్లకు ఉంటుంది" అన్నాను. తలూపింది. బీఈడీ చేసి టెట్ రాసి ఇందులోనే ఉండాలని కూడా ఉందట. ఆ మాట వాళ్లమ్మకు ఇంకా చెప్పలేదు!

నా సంగతీ చెప్పాలి. బీఏ తెలుగు అయ్యాక పండిట్ ట్రైనింగ్ చేస్తానన్నాను. ముందు పెళ్లి, తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు దాటినా రాలేదు. నన్ను ఆపినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, నా మీద ప్రేమ ఉన్నవాళ్లే. ఇప్పుడు ఆ వరుసలో నేను నిలబడలేను.

అందుకే అక్కకు చెప్పాను. పిల్ల బతకలేక అక్కడికి పోలేదు, వేరే ఉద్యోగం దొరికే చదువుండి పోయింది. పెళ్లి మాటకొస్తే, ఈ పని తక్కువనుకునే ఇల్లు దానికి సరిపడే ఇల్లు కాదు. ఆ ఫోన్ రాకపోవడమే మేలు.

అక్క ఇంకా పూర్తిగా కరగలేదు. కానీ నిన్న ఫోన్ చేసి, "ఆ పిల్లలకు బొమ్మల కథల పుస్తకాలు కావాలట, సూర్యాపేటలో దొరుకుతయా?" అని అడిగింది. ఇవాళ సాయంత్రం వెళ్లి చూస్తాను.